గేటు అవతల

పదకొండేళ్లుగా ఈ గేటు దగ్గరే ఆగిపోయాను.
బస్సు తెచ్చి, జనాన్ని దింపి,
సీటు వెనక్కి వాల్చి, టోపీ మొహం మీదికి లాక్కుని
కొండతో నాకేం పనన్నట్టు నిద్రపోయేవాణ్ణి.
సాయంత్రం వాళ్లు దిగొచ్చి కెమెరాలు చూపించేవాళ్లు,
ఇదిగో, ఇదిగో అని.
అరచేతిలో సగం లేని అద్దం మీద మా సిమియెన్ కొండ.
బాగుందనేవాణ్ణి, ఇంజను వేడెక్కేదాకా.

ఇవాళ బస్సు ఖాళీ.
గోండార్ నుంచి రావలసినవాళ్లు రాలేదు, డబ్బు మాత్రం వచ్చింది.
ముందు సీట్లో నా కూతురు ఫెవెన్,
బడి బూట్లు, ఒళ్లో వేయించిన బార్లీ మూట.
"పైన ఏముంటుంది నాన్నా?"
అబద్ధమాడ్డానికి నోరు రాలేదు.

డెబార్క్‌లో కాపలా మాండెఫ్రో ఎక్కాడు.
ఆయన తుపాకీ ఆయన కంటే వయసులో పెద్దది.
ఎప్పుడైనా పేల్చావా అంటే
"ఒక్కసారి. మా తమ్ముడి పెళ్లిలో."

మా లెక్కలో పొద్దున రెండు గంటలకి నడక మొదలైంది.
మేం సూర్యుడు లేచిన దగ్గర్నుంచి లెక్కపెడతాం.
నిద్ర నడిమధ్యన రోజు మొదలెట్టేవాళ్లు
లోకంలో ఉన్నారంటే మా అమ్మ నమ్మేది కాదు.

మొదటి మలుపులోనే నా పొట్ట నన్ను పట్టిచ్చింది.
నాలుగో మలుపులో మోకాళ్లు సాక్ష్యం చెప్పాయి.
ఫెవెన్ ఏమీ అనకుండా
నా చేతిలోంచి నీళ్ల సీసా తీసుకుంది,
ముసలాణ్ణి నడిపించేదానిలా.
కాళ్ల కింద తోసిన్ ఆకు నలిగి
వాము వాసన కొట్టింది, చొక్కాదాకా.

జిబ్రా చెట్టు, మనిషికి రెండింతలు, నిలువునా ఎండిపోయి.
"దీనికేమైంది?" అంది ఫెవెన్.
"పూసింది," అన్నాడు మాండెఫ్రో.
ఇంకేదో చెబుతాడనుకున్నాం. ముక్కు తుడుచుకుని నడిచాడు.

గెలాడాలు చెవికి ముందు దొరికాయి.
గడ్డి తెంపుతున్న వేళ్లు, వందల వేళ్లు,
రేకుల కప్పు మీద తొలి చినుకుల్లాగా.
తర్వాత జూలు, గాలికి పక్కకి ఒరిగి.
రొమ్ము మీద కొలిమిలోంచి తీసిన ఇనుములా ఎర్రటి మచ్చ.
కూర్చున్నచోటి నుంచి లేవకుండానే జరుగుతూ,
పప్పు ఏరుకుంటూ ఊరి సంగతులు చెప్పుకునే మేనత్తల్లా.
ఒక మగది పైపెదవి మడిచి పళ్లన్నీ చూపించింది.
ఫెవెన్ కూడా పెదవి మడిచింది.
పాలపళ్లు ఊడిన సందు చూసి కాబోలు
అది తల తిప్పేసుకుంది.

"మీకు ముచ్చట," అన్నాడు అడానె, కొరడా భుజాన వేసుకుని.
పదేళ్ల పిల్లాడు, వాలు మీద మూరెడు చేను.
"నిన్న సగం వరుస తినేశాయి."
ఫెవెన్ మూట విప్పి అతనికి బార్లీ పోసింది.
తిన్నాడు. కోపం తగ్గించుకోకుండానే తిన్నాడు.

అంచు దగ్గర నేల అయిపోయింది.
కింద మబ్బు, మబ్బు కింద మరో దేశమంత లోయ.
ఎముకల గద్ద ఒకటి మాకంటే కింద ఎగురుతోంది.
పక్షి వీపు చూడ్డం నాకదే మొదలు.
ఎముకను రాతి మీదికి వదిలింది. టక్.
విరగలేదు. మళ్లీ తీసుకుని మళ్లీ పైకి.

వాలియా మేక కనబడలేదు.
మాండెఫ్రో వేలు పెట్టిన చోట రాయి ఉంది.
ఆ రాయి చెవి విదిలించిందని
ఫెవెన్ ఇప్పటికీ ఒట్టేస్తుంది.

చలి మొదలవగానే గెలాడాలు అంచు దాటాయి,
తల్లుల వీపుల మీద పిల్లలు,
ఒక్కొక్కటే, తొందర లేకుండా, నిట్టనిలువు గోడలోకి,
ఇంటి మెట్లు దిగినట్టు.
మేం మాత్రం బొక్కబోర్లా పడుకుని తొంగిచూశాం.
నా చొక్కా అంచు పట్టుకుంది ఫెవెన్,
నేను పడిపోతానని.

బస్సులో ఇద్దరూ నిద్రపోయారు,
మాండెఫ్రో తుపాకీకి తల ఆనించి.
రేపు పదహారుమంది వస్తారు.
రెండో గేరులోనే దింపుతున్నాను బండిని.
క్లచ్ తొక్కినప్పుడల్లా
ఎక్కడో వాము వాసన.